ముందురోజు రాత్రే ముగిసే వంట

మన ఇళ్లలో పది మందిని భోజనానికి పిలిస్తే పంక్తిలో ఒక మనిషి తక్కువ పడుతుంది. ఆ మనిషి వంట చేసినావిడే. "పిన్నీ, మీరూ వచ్చి కూర్చోండి" అంటే "మీరు కానివ్వండమ్మా, నా సంగతి తర్వాత" అంటుంది. ఆ తర్వాత ఎప్పుడొస్తుందంటే, అందరూ చేతులు కడుక్కుని, కిళ్లీలు వేసుకుని, కబుర్లు సగం అయిపోయాక. అప్పటికి గారెలు చల్లారిపోతాయి, ఆవిడ ఆకలి చచ్చిపోతుంది. దీన్ని త్యాగం అని పొగడటం మనకు అలవాటు. నా లెక్కలో ఇది వంటకం ఎంపికలో వచ్చిన చిక్కు. గారె నూనెలోంచి తీయగానే తినాలి. బొబ్బట్టు పెనం మీంచి దిగగానే నెయ్యి పడాలి. అలాంటివి పది మందికి పెట్టాలనుకుంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడక తప్పదు. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది మన ఇళ్లలో ఎప్పుడో తేలిపోయింది.

అందుకే నలుగురి కోసం వండేటప్పుడు రుచి గురించి ఆలోచించేముందు ఇంకో ప్రశ్న వేసుకోమంటాను: వడ్డించే వేళకి ఈ వంటకానికి నాతో పని ఉంటుందా? ఉంటే అది ఇంట్లో నలుగురికి చేసుకోవాల్సింది. లేకపోతేనే నలభై మందిలోకి తీసుకెళ్లాల్సింది. ఈ లెక్కకి సరిగ్గా సరిపోయే ఒక వంటకాన్ని ఈ అధ్యాయానికి తీసుకున్నాను. అది మనది కాదు, అమెరికా వాళ్లది.

దక్షిణ రాష్ట్రాల్లో, మిడ్‌వెస్ట్‌లో చర్చి భోజనాల దగ్గర, చావు జరిగిన ఇంటికి ఇరుగుపొరుగు తెచ్చే వంటల్లో, తలా ఒక వంటకం తెచ్చే ఆఫీసు పాట్‌లక్‌లలో ఈ నాలుగు పొరల చాక్లెట్ పుడ్డింగ్ కనిపిస్తుంది. అడుగున వెన్న, మైదా, పెకాన్ గింజలు కలిపి కాల్చిన పొర. దాని మీద తెల్లగా క్రీమ్ చీజ్. ఆపైన చాక్లెట్ పుడ్డింగ్. అన్నిటికీ మీద మళ్లీ తెల్లటి నురగ క్రీమ్. దీనికి ఒక పేరంటూ స్థిరంగా లేదు. ఒక ఊళ్లో చాక్లెట్ డిలైట్, ఇంకో ఊళ్లో చాక్లెట్ లష్. హాలీవుడ్ అందగాడు రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ తర్వాత అంతటిది ఇదేనంటూ ఆయన పేరు తగిలించినవాళ్లూ ఉన్నారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు దీన్ని పిల్లల స్కూల్లోనో ఆఫీసులోనో మొదటిసారి రుచి చూస్తారు. ఇందులో గుడ్డు లేదని తెలిశాక ఇంటికి తెచ్చుకుంటారు.

ఇది ఇంతగా పాట్‌లక్ వంటకం కావడానికి వెనక ఒక రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు. మామూలు పాల క్రీమ్‌ను గిలక్కొడితే నురగ వస్తుంది కానీ, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే నీరు వదిలి కూలబడుతుంది. జనరల్ ఫుడ్స్ కంపెనీలో పనిచేసిన విలియం మిచెల్ తయారుచేసిన కూల్ విప్ 1966లో మార్కెట్లోకి వచ్చింది. గడ్డకట్టించి దుకాణాలకు పంపొచ్చు, కరిగించాక కూడా నురగ నురగలాగే నిలబడుతుంది. (నోట్లో టపటపలాడే పాప్ రాక్స్ మిఠాయి కూడా ఈయన చేతి చలవే.) ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొడిదీ అలాంటి సంగతే. అందులోని పిండి ముందే ఉడికి ఆరినది. ఫాస్ఫేట్ లవణాలు చల్లటి పాలలోని ప్రోటీన్‌ను పట్టుకుని చిక్కబరుస్తాయి. పొయ్యితో పనే లేదు. ఆవు పాలకు బదులు సోయా పాలో బాదం పాలో పోస్తే అది సరిగ్గా గట్టిపడకపోవడానికి కారణం కూడా అక్కడే ఉంది.

డబ్బాల్లోంచి తీసిన వంట ఏం వంట అని మూతి విరిచేవాళ్లుంటారు. వాళ్ల మాట కొట్టిపారేయను. ఇంట్లో ఆరుగురికైతే నేనూ పుడ్డింగ్ పొయ్యి మీదే కాచుకుంటాను. కానీ ఇరవై నాలుగు ముక్కలు కోయాల్సి వచ్చినప్పుడు, అదీ శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చాక మొదలుపెట్టాల్సినప్పుడు, నా ఓటు డబ్బాకే.

శుక్రవారం సాయంత్రం

శనివారం మధ్యాహ్నం పాట్‌లక్ అనుకుందాం. గురువారం రాత్రే కూల్ విప్ డబ్బాను ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి మార్చండి. శుక్రవారం ఇంట్లోకి అడుగుపెట్టగానే, చెప్పులు విప్పకముందే, క్రీమ్ చీజ్ పెట్టె తీసి బల్ల మీద పెట్టండి. ఈ పెట్టె మెత్తబడటం మీదే రెండో పొర ఆధారపడి ఉంటుంది.

9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న గాజు ట్రే తీసుకోండి. మూత ఉన్నదైతే మరీ మంచిది. ఒక కప్పు మైదా, ఒక స్టిక్ వెన్న అంటే 113 గ్రాములు, అర కప్పు సన్నగా తరిగిన పెకాన్లు, చిటికెడు ఉప్పు వేసి వేళ్లతో నలపండి. సున్నుండ పిండిలాగే ఇదీ గుప్పిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విరగాలి. ట్రే అడుగున సమంగా పరిచి, కప్పు అడుగుతో అదిమి, 350 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పద్దెనిమిది, ఇరవై నిమిషాలు కాల్చండి. అంచులు లేత గోధుమ రంగుకు తిరిగి, వంటింట్లో గింజల వాసన వచ్చినప్పుడు తీసేయాలి.

ఇక్కడ ఆగాలి. ఈ వంటకం మొత్తంలో కష్టమైన పని ఇదే. కాల్చిన అడుగు పూర్తిగా చల్లారడానికి ముప్పావు గంటో గంటో పడుతుంది, ఆ గంటసేపు మీరు చేయగలిగింది ఏమీ లేదు. పైన చెయ్యి పెట్టి చూస్తే చల్లగానే తగులుతుంది, మోసపోకండి. గాజు అడుగు భాగాన్ని అరచేతి వెనక వైపుతో తాకి చూడండి. గోరువెచ్చన ఉన్నా సరే, దాని మీద వేసిన క్రీమ్ చీజ్ అడుగున జారుడుగా కరుగుతుంది. పైకి బాగానే కనిపిస్తుంది. తెల్లారి కోసేటప్పుడు పొరలకు పొరలు పక్కకు జరిగిపోతాయి. తొందరగా చల్లారుతుందని వేడి గాజు ట్రేను ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఒక్కసారిగా వేడి మారితే గాజు పగిలే ప్రమాదం ఉంది.

పనిమంతులం అనుకునేవాళ్లందరికీ ఈ గంట కంటగింపుగా ఉంటుంది. ఖాళీగా కూర్చోవడం తప్పు చేసినట్టు అనిపిస్తుంది. ఇంకో కూర మొదలుపెడదాం, రేపటికి పులిహోర కూడా కలిపేద్దాం అని చెయ్యి ఊరుకోదు. వద్దు. మీరు సైన్ అప్ షీట్‌లో రాసింది ఒక్క డెజర్ట్. ఆ గంట పిల్లల హోంవర్క్‌కివ్వండి, అమ్మకు ఫోన్ చేయండి, ఊరికే సోఫాలో నడుం వాల్చండి. నేను చూసినంతలో పాట్‌లక్ రోజు చిరాకు పడేవాళ్లలో ఎక్కువమంది ఒకటి చేస్తామని మాటిచ్చి మూడు చేసినవాళ్లే. ఆ మిగతా రెండూ వాళ్లను ఎవరూ అడగలేదు.

చల్లారిందా? అయితే రెండో పొర. మెత్తబడ్డ క్రీమ్ చీజ్‌ను, 8 ఔన్సులు, ముందు ఒంటరిగా బీటర్‌తో గిలక్కొట్టండి. ఉండ లేకుండా నున్నగా అయ్యాకే మిగతావి వేయాలి. చల్లటి క్రీమ్ చీజ్‌లో కొవ్వు గట్టిగా ఉంటుంది. అందులో చక్కెర పొడి, కూల్ విప్ వేసేశాక ఎంతసేపు తిప్పినా ఆ తెల్లటి ఉండలు పోవు. బల్ల మీద పెట్టడం మరిచిపోయినా ఫరవాలేదు, రేకు కాగితం విప్పి గిన్నెలో వేసి మైక్రోవేవ్‌లో పదిహేను సెకన్లు తిప్పండి. తర్వాత పొడి చక్కెర. అమెరికా పుస్తకాల్లో ఒక కప్పు ఉంటుంది. మన పెద్దవాళ్లకు అది "అబ్బా, ఎంత తీపే తల్లీ" అనిపించే మోతాదు. ముప్పావు కప్పు చాలు. చివర ఒక కప్పు కూల్ విప్‌ను గరిటెతో కింద నుంచి పైకి మడిచినట్టు కలపండి.

పరిచేటప్పుడు జాగ్రత్త. అంతా ఒకేచోట కుమ్మరించి గరిటెతో లాగితే అడుగు పొర పొడి లేచి ఆ తెల్లదనంలో కలిసిపోతుంది, బియ్యంలో మట్టి బెడ్డలు చూసినట్టు కళ్లు అక్కడికే పోతాయి. చెంచాతో పది పన్నెండు చోట్ల కుప్పలుగా పెట్టి, గరిటెను గోరువెచ్చటి నీళ్లలో ముంచి, కుప్ప నుంచి కుప్పకు మెల్లగా కలపండి. మూలలకు ముందు వెళ్లి, మధ్యకు తర్వాత రండి. తర్వాత ఫ్రిజ్‌లో అరగంట.

చాక్లెట్ పుడ్డింగ్ 3.9 ఔన్సుల పెట్టెలు రెండు. పెట్టె మీద నాలుగు కప్పుల పాలని లెక్క తేలుతుంది, మీరు మూడే పోయండి. కప్పులో చెంచాతో తినే పుడ్డింగ్‌కి నాలుగు సరిపోతాయి, ముక్కగా కోసి నిలబెట్టాల్సిన పుడ్డింగ్‌కి సరిపోవు. పాలు ఫ్రిజ్‌లోంచి తీసినంత చల్లగా ఉండాలి. ఒక చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి వేసి చూడండి. కాఫీ రుచి తెలియదు, చాక్లెట్ మాత్రం గట్టిగా పలుకుతుంది. రెండు నిమిషాలు విస్క్‌తో తిప్పి, బిగుసుకునేలోపే, గరిటె వీపు మీద నుంచి జారేలా పోయండి. నేరుగా పోస్తే ధార పడ్డచోట తెల్ల పొర గుంట పడుతుంది.

పొయ్యి మీద కాచేవాళ్లకి: మూడు కప్పుల పాలు, ముప్పావు కప్పు చక్కెర, కోకో పొడి, కార్న్‌ఫ్లోర్ ఒక్కొక్కటి మూడో వంతు కప్పు, చిటికెడు ఉప్పు. కార్న్‌ఫ్లోర్, కోకోలను కొంచెం చల్లటి పాలలో ఉండల్లేకుండా కలుపుకోండి. మిగతా పాలు చక్కెర, ఉప్పుతో కాగుతుండగా అది పోసి, అడుగంటకుండా తిప్పుతూ, బుడగలు లేచాక ఇంకో నిమిషమైనా ఉడకనివ్వాలి. బుడగ రాకముందే దించేస్తే పిండి పూర్తిగా ఉడకదు, చిక్కదనం నిలవదు. దించాక వంద గ్రాముల డార్క్ చాక్లెట్ ముక్కలు వేసి కరిగించండి. ప్లాస్టిక్ కాగితాన్ని పుడ్డింగ్‌కి అంటుకునేలా కప్పితే మీగడ కట్టదు. బాగా చల్లారాక మళ్లీ గట్టిగా గిలక్కొట్టొద్దు, బిగిసిన పిండి విడిపోయి పల్చబడుతుంది. గోరువెచ్చన కూడా తగ్గి, ఇంకా జారుతున్న దశలోనే పరిచేయాలి.

పైపొరకు మిగిలిన కూల్ విప్. 8 ఔన్సుల డబ్బాలో సుమారు మూడు కప్పులు వస్తుంది, ఒక కప్పు రెండో పొరలోకి పోయింది కాబట్టి రెండు కప్పులుంటుంది. మందంగా కావాలనుకుంటే ఇంకో డబ్బా. మూత పెట్టి, ఫ్రిజ్ అడుగు అరలో పెట్టి, లైటార్పి పడుకోండి. కనీసం నాలుగు గంటలు, రాత్రంతా అయితే ఇంకా మంచిది.

మన ఊళ్లో చేయాలంటే

విజయవాడలోనో వరంగల్‌లోనో ఉంటే కూల్ విప్ కోసం వెతుకులాట అక్కర్లేదు. దుకాణాల్లో దొరికే 25 శాతం కొవ్వు ఫ్రెష్ క్రీమ్‌ను ఎంత గిలక్కొట్టినా నిలబడదు, దానికి ముప్పై శాతం పైన కొవ్వు కావాలి. కేకు సామాన్లు అమ్మే కొట్టులో నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ అడగండి. అది మే నెల ఎండలకూ కాస్త తట్టుకుంటుంది. ఓవెన్ లేకపోతే రెండొందల గ్రాముల మారీ బిస్కెట్లను మిక్సీలో పొడి చేసి, వంద గ్రాముల కరిగించిన వెన్నతో కలిపి అదిమి, ఫ్రిజ్‌లో అరగంట పెడితే అడుగు పొర సిద్ధం. పెకాన్ల బదులు పలాస జీడిపప్పు దోరగా వేయించి వేయండి. నన్నడిగితే పెకాన్ కంటే అదే బాగుంటుంది. క్రీమ్ చీజ్ ఖరీదనిపిస్తే చిక్కటి, పులవని పెరుగును గుడ్డలో కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వేలాడదీయండి. కొంచెం పుల్లదనం వస్తుంది, చాక్లెట్ కింద అది నప్పుతుంది కూడా.

శనివారం

పొద్దున్న మీకు మిగిలిన పని రెండు నిమిషాలది. ఒక చాక్లెట్ బార్‌ను కూరగాయల తొక్కతీసే పీలర్‌తో గీరితే రిబ్బన్లలా రాలుతుంది. అవీ, వేయించిన గింజలూ బయల్దేరేముందే చల్లండి. రాత్రే చల్లితే గింజలు మెత్తబడతాయి.

కారులో ఎవరి ఒళ్లోనూ పెట్టొద్దు, బ్రేకు పడ్డప్పుడల్లా ట్రే వాలుతుంది. చల్లటి సంచిలో ఐస్ ప్యాకుల మీద పెట్టి, కాళ్ల దగ్గర సమతలంగా ఉంచండి. పాల పదార్థం కాబట్టి అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క గుర్తుంచుకోవాలి: ఫ్రిజ్ బయట రెండు గంటలకు మించకూడదు, 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన ఎండలో అయితే గంటే. టెక్సాస్ జూలైలో పార్కులో పాట్‌లక్ అంటే ఆ గంట ఇట్టే గడిచిపోతుంది. వెళ్లగానే ఆ ఇంటివాళ్లను "వదినా, ఫ్రిజ్‌లో కాస్త చోటుందా?" అని అడిగేయండి. మొహమాటపడి బల్ల చివర పెట్టేసి, ఆ తర్వాత గడియారం చూసుకుంటూ కూర్చోవడం కంటే అది నయం.

ట్రే పక్కన చిన్న చీటీ పెట్టండి: గుడ్డు లేదు, జిలటిన్ లేదు, పాలు, గోధుమ, పెకాన్ ఉన్నాయి. మన సమూహాల్లో మొదటి రెండూ అడగకుండా ఎవరూ ముట్టరు. గింజల ఎలర్జీ ఉన్న పిల్లల తల్లులకు చివరిది ప్రాణం. జిలటిన్ మాట రాసేముందు డబ్బాల మీది పదార్థాల పట్టీ చదివి తీరాలి. ఒకే కంపెనీ అమ్మే జెల్లీ పొడిలో జిలటిన్ ఉంటుంది, పుడ్డింగ్ పొడిలో ఉండదు. రెండు పెట్టెలూ దుకాణంలో పక్కపక్కనే ఉంటాయి. మార్ష్‌మాలోలు పైన చల్లితే అందమే కానీ, వాటిలో జిలటిన్ మామూలు. ఈ చీటీ ఉంటే పది మంది వచ్చి పదిసార్లు అడగరు, మీరు ట్రే పక్కన కాపలా కాయనక్కర్లేదు.

ఇక అసలు నిగ్రహం ఇప్పుడు కావాలి. ఎవరో ఒకరు ముక్క తీసుకోబోతుండగా "ఈసారి అంత బాగా రాలేదండీ" అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. వినయంగానే అంటాం. కానీ అవతలివాళ్ల నోరు ఆ మాటతో కట్టేసినట్టే. "అయ్యో, లేదండీ, చాలా బాగుంది" అని వాళ్లు బదులివ్వక తప్పదు, తినకముందే. "ఎలా ఉంది?" అని వెంటపడి అడగడం కూడా ఇంతే. పొగడ్త కావాలనుకోవడంలో తప్పులేదు, దాన్ని వసూలు చేయడంలోనే ఉంది చిక్కంతా. ట్రే బల్ల మీద పెట్టారు, చీటీ పెట్టారు, చెంచాలు పెట్టారు. మీరిక అతిథి. ప్లేటు తీసుకుని, ఎప్పటి నుంచో మాట్లాడాలనుకున్న మనిషి పక్కన కూర్చోండి. ఎవరైనా రెసిపీ అడిగితే మొత్తం చెప్పండి, మూడు కప్పుల పాల సంగతి, కాఫీ పొడి సంగతితో సహా. ఒక దినుసు దాచిపెట్టి చెప్పేవాళ్లు ఊరికొకరుంటారు. వాళ్లెవరో ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

కోత మాత్రం మీరే మొదలుపెట్టండి. అడ్డంగా నాలుగు, నిలువుగా ఆరు వరుసలుగా కోస్తే ఇరవై నాలుగు ముక్కలు. ఇంకో ఐదు రకాల తీపి ఉన్న బల్ల మీద ఇంతకంటే పెద్ద ముక్క ఎవరూ పూర్తిచేయరు. పక్కన వేడి నీళ్ల గ్లాసు, తడి గుడ్డ ఉంచుకుని ప్రతి గాటుకూ కత్తి తుడవండి. అప్పుడే తెలుపు తెలుపుగా, నలుపు నలుపుగా పొరలు విడివిడిగా కనిపిస్తాయి. మూలలోని మొదటి ముక్క ఎంత నేర్పరికైనా చితుకుతుంది, గరిటె దూరడానికి చోటుండదు మరి. దాన్ని అతిథికి పెట్టలేం కదా. అది మీ ప్లేటులో వేసుకోండి. మిగతావాళ్ల కంటే ముందే తినేసినట్టవుతుంది.

గాజు ట్రే తీసుకెళ్తే దాని కోసం చివరిదాకా ఉండాలి, లేదా వారం తర్వాత "అక్కా, నా ట్రే..." అని మెసేజ్ పెట్టాలి. ఆ బాధ వద్దనుకుంటే పారేసే అల్యూమినియం ట్రే వాడండి. కాకపోతే అది ఎత్తగానే వంగి పొరలు పగులుతాయి, కింద గట్టి బేకింగ్ పళ్లెం పెట్టి మొయ్యాలి. మిగిలింది ఆ ఇంటివాళ్ల ఫ్రిజ్‌లోనే వదిలేయండి, బల్ల మీద రెండు గంటలు దాటని పక్షంలోనే. ఆదివారానికి బాగానే ఉంటుంది, సోమవారానికి అడుగు పొర మెత్తబడుతుంది, బుధవారానికి పారేయడమే.